ఆలివ్ మిల్లు నల్లనీళ్లకు ఎరేషన్ ప్లాంటు పెట్టవచ్చా? స్ఫాక్స్ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ట్యునీషియాలో స్ఫాక్స్ దగ్గర ఒక ఆలివ్ నూనె మిల్లులో మీరు మెయింటెనెన్స్ చూస్తున్నారు. రోజుకు 20 టన్నుల కాయ ఆడుతుంది, సీజన్ దాదాపు 90 రోజులు. త్రీ ఫేజ్ డికాంటర్ (నూరిన కాయను గిరగిరా తిప్పి నూనె, నీళ్లు, పిప్పి అని మూడుగా విడదీసే యంత్రం) ఉంది. నూనె తీశాక మిగిలే నల్లనీళ్లు రోజుకు 20 క్యూబిక్ మీటర్ల దాకా వస్తున్నాయి. ట్యాంకులోకి గాలి ఊదే (ఎరేషన్) ప్లాంటు ఒకటి పెడితే నీళ్లు శుభ్రమైపోతాయి, బయటికి వదిలేసుకోవచ్చు అని ఒక సప్లయర్ కొటేషన్ ఇచ్చారు. కొనాలా వద్దా, వద్దంటే మరేం చేయాలి?

కొనవద్దు. ఆ నీళ్లను మురుగునీళ్లలా చూసినంతకాలం ఏ ప్లాంటు పెట్టినా డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది. మీరు చేయాల్సింది వేరే వరసలో ఉంది. ముందు మిల్లు లోపల నీటి వాడకం తగ్గించండి. కాయ కడిగిన నీళ్లను వేరే గొట్టంలో పంపండి. మిగిలిన నల్లనీళ్లను లైనింగ్ వేసిన చెరువులో నిల్వ చేసి, కొలత ప్రకారం ఆలివ్ తోటలకు పెట్టండి. పశువుల పేడ దొరికితే మధ్యలో బయోగ్యాస్ డైజెస్టర్ (గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాసు తీసే ట్యాంకు) పెట్టుకోవచ్చు. బయటికి వదిలేంత శుభ్రమైన నీళ్లు తయారు చేయాలన్న లక్ష్యాన్ని మీ సైజు మిల్లు పెట్టుకోకూడదు.

నేను ఆహార పరిశ్రమల వ్యర్థజలాల పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. అందులో ఏడు సీజన్లు ఆలివ్ మిల్లుల దగ్గరే గడిచాయి. కొన్ని ట్యునీషియాలో, కొన్ని దక్షిణ స్పెయిన్‌లో, రెండు ఇటలీలోని పుల్యాలో. కింద రాసేదంతా అక్కడ చూసింది, చేసింది, చేసి నష్టపోయింది.

ముందు ఈ నీళ్లలో ఏముందో చూడండి

మీ దగ్గర మార్జీన్ అంటారు, స్పెయిన్‌లో అల్పెచిన్, గ్రీసులో కత్సిగరోస్. పేరు ఏదైనా సరుకు ఒకటే: కాయలో సహజంగా ఉండే నీరు, డికాంటర్‌లో మనం కలిపిన నీరు, వాటిలో కరిగిన చక్కెరలు, ఆమ్లాలు, పాలీఫినాల్స్ (కాయకు చేదు, వగరు ఇచ్చే పదార్థాలు), పొటాషియం, కాస్త మిగిలిపోయిన నూనె. పీహెచ్ సాధారణంగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. సీఓడీ, అంటే నీళ్లలోని మలినాన్ని రసాయనంతో పూర్తిగా కాల్చడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 40 గ్రాముల నుంచి 200 గ్రాముల దాకా చూడవచ్చు. ఇళ్ల మురుగునీటిలో సీఓడీ లీటరుకు సుమారు అర గ్రాము. అంటే మీ నీళ్లు ఒక క్యూబిక్ మీటరు ఉంటే, అది 80 నుంచి 400 క్యూబిక్ మీటర్ల ఇళ్ల మురుగుతో సమానం.

ఇప్పుడు మీ మిల్లు లెక్క వేద్దాం. బీఓడీ, అంటే ఆ మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 40 గ్రాములు అనుకుందాం, ఇది ఎక్కువ అంచనా కాదు. రోజుకు 20 క్యూబిక్ మీటర్లకు 800 కిలోల బీఓడీ. యూరప్‌లో ఒక మనిషికి రోజుకు 60 గ్రాముల బీఓడీ అని లెక్క కడతారు. ఆ లెక్కన మీ ఒక్క మిల్లు 13,000 మంది ఉండే ఊరితో సమానం. ఆ ఊరికి పెట్టాల్సిన ప్లాంటు మూడు నెలలు నడిపి తొమ్మిది నెలలు ఆపాలి. మీ సప్లయర్ కొటేషన్‌లో ట్యాంకు సైజు ఎంతో చూడండి, బీఓడీ ఎంత అనుకుని లెక్క కట్టారో అడగండి. నేను చూసిన ఇలాంటి కొటేషన్లు చాలావాటిలో క్యూబిక్ మీటర్లే కనిపించాయి, కిలోలు కనిపించలేదు.

గాలి ఊదే పద్ధతికి ఇంకా మూడు ఖర్చులున్నాయి, వాటిని కొటేషన్‌లో రాయరు. ఒకటి కరెంటు: కిలో బీఓడీకి కనీసం ఒక యూనిట్ పడుతుంది, అంటే రోజుకు 800 యూనిట్లు, ఆచరణలో ఇంకా ఎక్కువే. రెండోది నత్రజని. సూక్ష్మజీవులు పెరగాలంటే 100 పాళ్ల బీఓడీకి 5 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం కావాలి. నల్లనీళ్లలో నత్రజని చాలా తక్కువ. కాబట్టి రోజుకు 40 కిలోల నత్రజని బయటి నుంచి వేయాలి, అంటే దాదాపు 87 కిలోల యూరియా. మూడోది బురద. కిలో బీఓడీకి అర కిలో పొడి బురద అనుకుంటే రోజుకు 400 కిలోలు. అది ట్యాంకులోంచి ఒక శాతం చిక్కదనంతో బయటికొస్తే 40 క్యూబిక్ మీటర్లు. 20 క్యూబిక్ మీటర్ల నీళ్ల బాధ తీర్చుకోవడానికి 40 క్యూబిక్ మీటర్ల బురద తెచ్చుకున్నట్టు. దాన్ని పిండి గట్టిచేసినా రోజుకు రెండు టన్నులు మోయాలి.

పుల్యాలో ఒక మిల్లులో ఇది కళ్లారా చూశాను. నవంబరులో రోజుకు రెండు క్యూబిక్ మీటర్లు మాత్రమే వదులుతూ మొదలుపెట్టారు, ట్యాంకు చక్కగా నడిచింది. అందరూ సంతోషించి వారం తర్వాత మొత్తం నీళ్లు అందులోకి తిప్పేశారు. మూడో రోజుకు నురగ ట్యాంకు గోడలు దాటి నడిచే దారి మీదికి వచ్చింది, మోకాలెత్తు, గోధుమరంగు, వేలితో తాకితే జిడ్డు. కరిగిన ఆక్సిజన్ మీటరు సున్నా దగ్గర ఆగిపోయింది. మైక్రోస్కోపు కింద చూస్తే అంతకుముందు చురుగ్గా తిరిగిన సీలియేట్లు అనే సూక్ష్మజీవులు ఒక్కటి కూడా లేవు. పాలీఫినాల్స్ సూక్ష్మజీవులకు విషం. కాయను కాపాడటానికి చెట్టు తయారు చేసుకున్నవే అవి, ట్యాంకులో ఆ పనే చేశాయి. పలచన చేస్తే నడుస్తుందని ఆ సప్లయర్ మంచినీళ్లు కలపమన్నారు. ఏడాదికి 200 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే స్ఫాక్స్‌లో వ్యర్థాన్ని పలచన చేయడానికి మంచినీళ్లు వాడమని నేను ఎవరికీ చెప్పలేను.

మొదటి పని మిల్లు లోపలే ఉంది

ఈ పని అందరికీ చిన్నదిగా అనిపిస్తుంది, నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. డికాంటర్‌కు వెళ్లే వేడినీటి గొట్టానికి ఒక వాటర్ మీటరు బిగించండి. స్ఫాక్స్ పరిసరాల్లోనే ఒక మిల్లులో నేను మొదట చేసింది అదే. నీళ్లు ఎన్ని కలుపుతున్నారని అడిగితే ఆపరేటరు ‘ఎప్పుడూ ఇంతే’ అని వాల్వు చూపించాడు. వాల్వు పూర్తిగా తెరిచి ఉంది. నీళ్లు ఎక్కువైతే నూనె బాగా విడిపోతుందని ఆయన నమ్మకం, అది కొంతవరకు నిజం కూడా. మీటరు పెట్టాక ప్రతి మూడు రోజులకు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, పిప్పిలో, నల్లనీళ్లలో నూనె ఎంత పోతోందో ల్యాబులో చూసుకుంటూ వెళ్లాం. టన్ను కాయకు 1.1 క్యూబిక్ మీటర్ల నల్లనీళ్లు వచ్చే మిల్లు రెండు సీజన్లలో 0.75కు దిగింది. నూనె దిగుబడి తగ్గలేదు. కాయ రకం, పండిన తీరు మారినప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి. జనవరిలో బాగా పండిన కాయకు, నవంబరు కాయకు ఒకే సెట్టింగ్ పనికిరాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నీళ్లు తగ్గిస్తే క్యూబిక్ మీటర్లు తగ్గుతాయి, కిలోలు తగ్గవు. అదే సీఓడీ, అదే పొటాషియం తక్కువ నీళ్లలో ఉంటాయి. అయినా చెరువు సైజు, ట్యాంకరు ట్రిప్పులు, డైజెస్టర్‌ను వేడిచేసే ఖర్చు అన్నీ క్యూబిక్ మీటర్ల మీదే నడుస్తాయి కాబట్టి లాభం లాభమే.

తర్వాత, కాయ కడిగిన నీళ్లను నల్లనీళ్లలో కలపకండి. వాటిలో ఉండేది ఎక్కువగా మట్టి, ఆకు. నల్లనీళ్లతో పోలిస్తే వాటి సీఓడీ చాలా తక్కువ. ఒక చిన్న సెటిల్లింగ్ ట్యాంకు, ఒక జాలీ పెడితే అవే నీళ్లతో మొదటి కడుగు మళ్లీ కడగవచ్చు. చాలా మిల్లుల్లో అన్ని నీళ్లూ ఒకే కాలువలోకి వెళ్తాయి. కాలువ తవ్విననాడు ఎవరూ ఆలోచించకపోవడం తప్ప దానికి వేరే కారణం లేదు.

నూనెను ఒక పక్క, నీళ్లతో కలిసిన పిప్పిని మరో పక్క ఇచ్చే టూ ఫేజ్ డికాంటర్‌కు మారితే ఎలా ఉంటుంది అని తర్వాత మీరే అడుగుతారు. స్పెయిన్ చేసింది అదే. 1981లో నదుల్లోకి నల్లనీళ్లు వదలడం ఆపించి, నీళ్లు ఎండకు ఆవిరయ్యే చెరువులు (ఆవిరి చెరువులు) తవ్వించారు. 1990ల మొదట్లో టూ ఫేజ్ యంత్రాలు వచ్చాక కొన్ని ఏళ్లలోనే మిల్లులు దాదాపు అన్నీ మారిపోయాయి. నల్లనీళ్లు దాదాపు పోయాయి. కానీ అవి ఎక్కడికీ పోలేదు, పిప్పిలోకి వెళ్లాయి. టన్ను కాయకు దాదాపు 800 కిలోల తడి పిప్పి వస్తుంది, దాన్ని అల్పెరుహో అంటారు, అందులో తేమ 60 నుంచి 70 శాతం. త్రీ ఫేజ్ పిప్పిలో తేమ 45, 50 శాతమే. దక్షిణ స్పెయిన్‌లోని హయేన్ ప్రాంతంలో దాన్ని ఆరబెట్టే ప్లాంటులో నిలబడి చూశాను. గరిటెజారుగా ఉండే ముద్ద, అందులోని చక్కెరలు వేడికి పాకం కట్టి డ్రైయర్ గోడలకు అతుక్కుంటాయి. స్పెయిన్‌లో ఆ పిప్పి కొని అందులో మిగిలిన నూనె తీసే పెద్ద ఎక్స్‌ట్రాక్షన్ ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి ఆ మార్పు సాగింది. మీ చుట్టుపక్కల పిప్పి కొనేవాళ్లు తడి పిప్పి తీసుకుంటారా, అడగండి. తీసుకుంటామని రాతపూర్వకంగా ఇస్తేనే యంత్రం మార్చండి. ఇవ్వకపోతే నీటి సమస్యను ముద్ద సమస్యగా మార్చుకోవడమే అవుతుంది, ముద్దను పంపు చేయడం ఇంకా కష్టం.

చెరువు

నీటి వాడకం తగ్గించి టన్నుకు 0.75కు వస్తే రోజుకు 15 క్యూబిక్ మీటర్ల చొప్పున 90 రోజుల సీజన్‌కు 1,350 క్యూబిక్ మీటర్లు. మీటరు లోతు చెరువైతే 1,350 చదరపు మీటర్లు, వాన కోసం పైన అర మీటరు ఖాళీ. ఒకే పెద్ద గుంట కాకుండా మూడు గదులుగా కట్టండి. మొదటి గదిలో బురద దిగుతుంది, నూనె తేలుతుంది. ఆ నూనె పొర తీయకపోతే ఆవిరవడం బాగా తగ్గిపోతుంది, పైగా అడుగున కుళ్లు వాసన పెరుగుతుంది. కాబట్టి మొదటి గదికి నూనె ఆపే అడ్డుగోడ తప్పనిసరి.

అడుగున హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు వేయండి, బంకమట్టి చాలనుకోకండి. బంకమట్టి మాత్రమే కొట్టిన చెరువు ఒకటి నేను చూశాను. నేలలో సున్నపురాయి ఉంది. పీహెచ్ 5 దగ్గర ఉన్న నీళ్లు దాన్ని మెల్లగా కరిగించుకుంటూ దారి చేసుకున్నాయి. రెండో సీజన్ తర్వాత కింది వాలులో ఉన్న రైతు బావిలో నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఆయన ఒక గ్లాసులో ఆ నీళ్లు తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ బావి తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. షీటు ఖర్చు గురించి ఎవరు బేరమాడినా నేను ఆ గ్లాసు గురించి చెబుతాను.

ఆవిరి చెరువును చివరి పరిష్కారం అనుకోకండి. స్ఫాక్స్ మిల్లుల నల్లనీళ్లు చేరే అగారెబ్ చెరువులు మీకు దగ్గరే, ఒకసారి వెళ్లి చూడండి. ఎండాకాలం వచ్చేసరికి అడుగున మిగిలేది జిడ్డుగల నల్లటి పేస్టు, దాన్ని ఎవరో ఒకరు తవ్వి తీయాల్సిందే. నా లెక్కలో చెరువు ఒక గోదాము, అంతే. నీళ్లు ఎక్కువగా వచ్చే నెలలకూ పొలానికి అవసరమైన నెలలకూ మధ్య దాచుకునే చోటు.

పొలం

మీరున్న చోట ఇది చాలా అనుకూలమైన దారి. స్ఫాక్స్ చుట్టూ పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 24 మీటర్ల దూరం, హెక్టారుకు 17 చెట్లు. మధ్యలో విశాలంగా ఖాళీ ఇసుక నేల. ట్యునీషియాలో 2013లో వచ్చిన డిక్రీ వ్యవసాయ భూమికి ఏడాదికి హెక్టారుకు 50 క్యూబిక్ మీటర్ల వరకు నల్లనీళ్లు పెట్టుకోనిస్తుంది, అనుమతి తీసుకుని. ఇటలీలో 1996 నాటి 574వ చట్టం ప్రెస్ మిల్లుల నీళ్లకు 50, డికాంటర్ వాడే సెంట్రిఫ్యూజ్ మిల్లుల నీళ్లకు 80 క్యూబిక్ మీటర్లు అంది. ఈ తేడా ఎందుకంటే ప్రెస్ మిల్లు నీళ్లు తక్కువ, చిక్కన ఎక్కువ.

50 క్యూబిక్ మీటర్లు అంటే హెక్టారు మీద 5 మిల్లీమీటర్ల పొర మాత్రమే. మీ 1,350 క్యూబిక్ మీటర్లకు 27 హెక్టార్లు కావాలి. నీళ్లు తగ్గించకపోతే 1,800కు 36 హెక్టార్లు. ఒకే నేలకు ఏటేటా పెట్టకుండా మార్చుకోవాలంటే దానికి రెట్టింపు చూసుకోండి. చుట్టుపక్కల రైతులతో ఒప్పందం సీజన్ ముందే, వేసవిలోనే కుదుర్చుకోవాలి.

రైతుకు లాభం ఉంది, దాన్ని లెక్కతో చెప్పండి. లీటరుకు 4 గ్రాముల పొటాషియం ఉంటే హెక్టారుకు 200 కిలోల పొటాషియం పడుతుంది. ఇసుక నేలకు సేంద్రియ పదార్థం చేరుతుంది. దక్షిణాన జార్జిస్ వైపు ఇసుక నేలల్లో ఏళ్ల తరబడి పెట్టి చూశారు. పైపొర గట్టిపడి గాలికి ఇసుక లేవడం తగ్గింది. అయితే అదే గట్టిపడటం ఎక్కువైతే వాననీళ్లు లోపలికి దిగవు. అందుకే పెట్టాక కొన్ని రోజులకు తేలిగ్గా దున్నాలి.

జాగ్రత్తలు చెబుతాను, వీటిలో ఏదీ వదలకండి. చెట్టు మొదలు దగ్గర పోయకూడదు, వరసల మధ్య పలచగా పరచాలి. ట్యాంకరు వెనక పైపు వదిలేసి ఒకే చోట గుమ్మరిస్తే అది పొలానికి పెట్టడం కాదు, పారబోయడం. వాలు నేల, తడిసి ఉన్న నేల, బావుల దగ్గర నేల వద్దు. ఇటలీ చట్టం తాగునీటి వనరుల రక్షిత ప్రాంతాలకు 300 మీటర్లు, ఊళ్లకు 200 మీటర్లు దూరం పెట్టింది. భూగర్భజలం పది మీటర్లలోపు ఉన్న నేలలను వద్దంది. మీ అనుమతి పత్రంలో ఏది రాసినా, ఈ దూరాలను కనీసంగా పెట్టుకోండి. మరుసటి నెలలో బార్లీ లాంటివి విత్తే నేలకు పెట్టకండి. పాలీఫినాల్స్ మొలకను ఆపుతాయి, పైగా ఆ కార్బన్‌ను తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా లాగేసుకుంటాయి, పైరు పసుపురంగుకు తిరిగిపోతుంది. రైతుకు ఇది ముందే చెప్పకపోతే వచ్చే ఏడాది ఆయన గేటు తీయడు.

మొలక సంగతి స్వయంగా చూసుకోవచ్చు. మూడు పళ్లేల్లో ఫిల్టర్ పేపరు పరిచి, ఒక్కోదానిలో 20 టమాటా విత్తనాలు పెట్టండి. ఒకదానికి మంచినీళ్లు, ఒకదానికి పదింతలు పలచన చేసిన నల్లనీళ్లు, మూడోదానికి చిక్కటివి. వారం తర్వాత మూడో పళ్లెంలో ఒక్క మొలకా ఉండదు, విత్తనాలు గోధుమరంగుకు తిరిగి అలాగే పడి ఉంటాయి. నేను ఏ కొత్త మిల్లుకు వెళ్లినా యజమాని బల్ల మీద ఈ మూడు పళ్లేలు పెడతాను. సీఓడీ అంకెలు ఆయనకు గుర్తుండవు, మూడో పళ్లెం గుర్తుంటుంది.

బయోగ్యాస్ గురించి

నల్లనీళ్లకు నిజంగా సరిపోయే జీవపద్ధతి ఇదే, ఎందుకంటే గాలి ఊదక్కర్లేదు, బురద తక్కువ, పైగా శక్తి వస్తుంది. తొలగించిన ప్రతి కిలో సీఓడీకి సిద్ధాంతం ప్రకారం 0.35 క్యూబిక్ మీటర్ల మీథేన్. సీఓడీ లీటరుకు 80 గ్రాములు అనుకుంటే మీకు రోజుకు 1,600 కిలోలు, 70 శాతం తొలగితే 390 క్యూబిక్ మీటర్ల మీథేన్. కాగితం మీద చాలా బాగుంటుంది. కాగితానికీ ట్యాంకుకూ మధ్య మూడు అడ్డంకులు ఉన్నాయి: పాలీఫినాల్స్, ఓలీయిక్ ఆమ్లం లాంటి పొడవాటి కొవ్వు ఆమ్లాలు, నత్రజనీ, క్షారతా (పులుపును తట్టుకునే శక్తి) తగినంత లేకపోవడం. ఒంటరిగా నల్లనీళ్లతో డైజెస్టర్ నడపబోతే ఏదో ఒక రోజు పులుస్తుంది.

నాకూ పులిసింది. నా మూడో సీజన్‌లో, నా బాధ్యతలో ఉన్న డైజెస్టర్. రోజూ పీహెచ్ చూస్తున్నాను, 7.1, 7.1, 7.0, అంతా బాగుందనుకున్నాను. ఆమ్లాల పరీక్ష మాత్రం వారానికి ఒకసారే చేస్తున్నాం. ఆ వారం మధ్యలో గ్యాసు మంట పలచబడింది, తర్వాత అంటుకోవడం మానేసింది. అప్పుడు చూస్తే ఆమ్లాలకూ క్షారతకూ నిష్పత్తి 0.9. పీహెచ్ 6.4కు పడిపోయింది. పీహెచ్ ఎప్పుడూ చివరన చెబుతుంది. ఆ నిష్పత్తి 0.3 లోపు ఉంటే నిశ్చింత, 0.5 దాటితే మేత తగ్గించాలి, 0.8 దగ్గరికి వస్తే ఆపేయాలి. మేము మేత పూర్తిగా ఆపి, పేడనీళ్లు కొద్దికొద్దిగా వేస్తూ, సున్నంతో కాకుండా సోడియం బైకార్బొనేట్‌తో పీహెచ్ లేపాం. కోలుకోవడానికి ఐదు వారాలు పట్టింది, సీజన్ సగం పోయింది. అప్పటి నుంచి ఆ పరీక్ష రోజూ చేయిస్తాను. ఒక బ్యూరెట్, కాస్త పలచటి ఆమ్లం, పీహెచ్ మీటరు ఉంటే పదిహేను నిమిషాల పని.

కాబట్టి నల్లనీళ్లను పేడతో కలిపి వేయండి. ఆవు పేడ క్షారత ఇస్తుంది, కోళ్ల ఎరువు నత్రజని ఇస్తుంది కానీ ఎక్కువైతే అమ్మోనియా ఇబ్బంది. 35 నుంచి 37 డిగ్రీల దగ్గర ఉంచండి. రోజుకు ట్యాంకు క్యూబిక్ మీటరుకు ఒక కిలో సీఓడీతో మొదలుపెట్టి, నెలల మీద మూడు కిలోల దాకా వెళ్లండి. రోజుకు 1,600 కిలోలూ అప్పటికప్పుడే వేయాలంటే 500 క్యూబిక్ మీటర్లకు పైగా ట్యాంకు కావాలి. చెరువులో నిల్వ చేసి ఏడాది పొడుగునా పంచితే దానిలో మూడో వంతు కూడా అక్కర్లేదు. డైజెస్టర్ జీవించి ఉన్న వస్తువు, తొమ్మిది నెలలు పస్తు పెట్టి పదో నెలలో విందు పెడితే తట్టుకోదు. అందుకే చెరువు, డైజెస్టర్ కలిసే ఉండాలి.

డైజెస్టర్ దాటాక కూడా నీళ్లు గోధుమరంగులోనే ఉంటాయి, లీటరుకు పది గ్రాములకు పైగా సీఓడీ మిగలవచ్చు. వాగులోకి పనికిరావు. పొలానికి మాత్రం ముందుకన్నా చాలా మెరుగు, వాసన తక్కువ, మొలకకు హాని తక్కువ.

మిగతా పద్ధతులు

సున్నం వేసి పీహెచ్ 11, 12కు తీసుకెళ్తే సీఓడీలో 40 శాతం దాకా దిగుతుంది, వాసన తగ్గుతుంది, కానీ బురద గుట్టలుగా వస్తుంది. అత్యవసరానికి సరే. మెంబ్రేన్లు (సన్నటి రంధ్రాల వడపోత పొరలు) నల్లనీళ్ల జిడ్డుకు త్వరగా మూసుకుపోతాయి, నడిచినా చిక్కటి వ్యర్థం ఒక పక్క మిగులుతుంది. పాలీఫినాల్స్, ముఖ్యంగా హైడ్రాక్సీటైరొసోల్, తీసి అమ్మవచ్చని చెప్పేవాళ్లు వస్తారు. పదార్థం విలువైనదే. కాయలోని పాలీఫినాల్స్‌లో నూనెలోకి వెళ్లేది ఒకటి, రెండు శాతమే, మిగతాదంతా నీళ్లలో, పిప్పిలో ఉంటుందన్నదీ నిజమే. అయితే అది వేరే పరిశ్రమ. కొనేవాడు మీ దగ్గరికి వచ్చి నల్లనీళ్లు తీసుకెళ్తానంటే ఇవ్వండి, యంత్రం మీరు కొనకండి. పాలీఫినాల్స్ తీశాక కూడా చక్కెరలు, పొటాషియం ఆ నీళ్లలోనే మిగులుతాయి.

ఫెంటన్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య ఇదే ఎక్కువగా అమ్ముతున్నారు. ఇనుము లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పీహెచ్ 3 దగ్గర చర్య జరిపిస్తారు. రంగు కళ్లముందే పోతుంది, డెమో చూసి అందరూ పడిపోతారు. ఒక గ్రాము సీఓడీని పూర్తిగా కాల్చడానికి లెక్క ప్రకారం 2.1 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. 80 గ్రాముల సీఓడీకి 170 గ్రాములు. 30 శాతం ద్రావణంగా చూస్తే క్యూబిక్ మీటరుకు దాదాపు 570 కిలోలు, మీ 20 క్యూబిక్ మీటర్లకు రోజుకు 11 టన్నులు. చివర్లో మిగిలిన కాస్త రంగు తీయడానికి ఫెంటన్ మంచి పద్ధతి. మొదట్లో పెట్టే పద్ధతి కాదు.

ఫెంటన్ తర్వాత సీఓడీ కొలిచేటప్పుడు మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను ముందు తొలగించకపోతే అదే సీఓడీగా కనిపిస్తుంది. ఒక మిల్లులో శుద్ధి తర్వాత సీఓడీ పెరిగిందని ల్యాబుకూ ప్లాంటుకూ వారం రోజులు గొడవ జరిగింది, కారణం ఇదే. బీఓడీ కూడా ఈ నీళ్లలో మోసం చేస్తుంది. తక్కువ పలచనలో విషం వల్ల సూక్ష్మజీవులు పనిచేయవు, బీఓడీ తక్కువ వస్తుంది. ఎక్కువ పలచన చేసేకొద్దీ అంకె పెరుగుతూ పోతుంది. మీ సప్లయర్ రిపోర్టులో బీఓడీ ఆశ్చర్యకరంగా తక్కువ ఉంటే, ఎన్ని పలచనల్లో చేశారో, పరీక్షలో సూక్ష్మజీవుల కోసం ఏ బురదను విత్తనంగా వాడారో అడగండి. ఒకే పలచన చేశామంటే ఆ రిపోర్టు పక్కన పెట్టండి.

శాంపిల్ మీరే తీయండి. డికాంటర్ మొదలైన పది నిమిషాలకు కాదు, షిఫ్టు మొత్తంలో గంటకోసారి లీటరు చొప్పున తీసి ఒకే డబ్బాలో కలపాలి. అందులో లీటరు పారదర్శకమైన కోన్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున పైన పలచటి నూనె గీత, మధ్యలో ముదురు గోధుమరంగు నీళ్లు, అడుగున మెత్తటి గుజ్జు కనిపిస్తాయి. ఆ నూనె గీత మందంగా ఉంటే మీ డికాంటర్ సరిగా సెట్ కాలేదని అర్థం, అది నేరుగా మీ మిల్లు డబ్బు.

ఈ సీజన్‌కు మీ చేతిలో ఉన్నవి ఇవి: వాటర్ మీటరు, కడిగిన నీళ్ల కాలువ వేరుచేయడం, నూనె అడ్డుగోడ, పొలం అనుమతికి దరఖాస్తు. చెరువు షీటు ఉందా, వయసెంత, ఎక్కడైనా పగుళ్లున్నాయా చూడండి. డైజెస్టర్ సంగతి వచ్చే ఏడాదికి. ఈలోగా మూడు అంకెలు కొలిచి ఇక్కడ పెట్టండి: టన్ను కాయకు కలుపుతున్న నీరు, కలిపిన శాంపిల్ సీఓడీ, పొటాషియం. వాటితోపాటు పది కిలోమీటర్లలో పేడ ఎంత దొరుకుతుందో చెబితే ట్యాంకు సైజు నేను లెక్క వేసి ఇస్తాను.